బుల్ స్నేక్, పైన్ స్నేక్, గోఫర్ స్నేక్: బుస వెనక భయం, పెంపకం వెనక 20 ఏళ్ళు

ఈరోజు ఎపిసోడ్ పాముల గురించి. పాములంటే భయం ఉన్నవాళ్ళు కూడా ధైర్యంగా చూడొచ్చు, ఎందుకంటే పాముని మెడలో వేసుకోవడాలు, కెమెరా ముందు ఆడించడాలు ఇందులో ఏమీ ఉండవు. నా వెనక కనిపిస్తోంది చూడండి, అదే దాని పెట్టె. అది లోపల చెక్కపొట్టు కింద దూరి పడుకుంది. దాన్ని లేపే ఉద్దేశం నాకు లేదు.

నేను అమెరికాలో, కొలరాడోలో ఉంటాను, డెన్వర్‌కి దగ్గర్లో. నా దగ్గర ఆరేళ్ళుగా ఒక బుల్ స్నేక్ ఉంది. మగది, ఐదడుగులకి కొంచెం తక్కువ. దాని ఫోటో ఎప్పుడు పెట్టినా వచ్చే ప్రశ్న ఒకటే: "అన్నా, నేను కూడా ఒకటి తెచ్చుకోవచ్చా?" అడిగేవాళ్ళలో కొంతమంది ఇక్కడ ఎమ్మెస్ చేస్తున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు. మిగతావాళ్ళు హైదరాబాద్, విజయవాడ, కర్నూలు నుంచి.

ఇండియాలో ఉన్నవాళ్ళకి జవాబు చిన్నది, కాబట్టి ముందే చెప్పేస్తాను. మన దగ్గర అడవి పాముని పట్టి ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విషం లేని జెర్రిపోతు అయినా అంతే. రెండు తలల పాము ఉంటే అదృష్టం కలిసొస్తుందని మోసగాళ్ళు లక్షలకి బేరం పెడతారే, అది అయినా అంతే. ఇక విదేశీ పాముని తెప్పించుకోవాలంటే లైసెన్సులు, అనుమతులు కావాలి, ఎవడో సూట్‌కేసులో తెచ్చిస్తానంటే అది స్మగ్లింగే. అందుకని మీరు ఈ ఎపిసోడ్‌ని ఒక జంతువు గురించి తెలుసుకోవడానికి చూడండి. అమెరికాలో ఉన్నవాళ్ళు మాత్రం చివరిదాకా ఉండండి, ఎందుకంటే మీకు చెప్పాల్సిన అసలు విషయం కొంచెం ఆగాక వస్తుంది.

సరే, ఏంటి ఈ పాములు? పైన్ స్నేక్, బుల్ స్నేక్, గోఫర్ స్నేక్ మూడూ ఒకే ప్రజాతి, పేరు పిట్యుయోఫిస్. గ్రీకులో పిటిస్ అంటే పైన్ చెట్టు, ఓఫిస్ అంటే పాము. పైన్ స్నేక్‌లు అమెరికా తూర్పు వైపు, న్యూజెర్సీ నుంచి కింద ఫ్లోరిడా వరకు ఇసుక నేలల్లో, పైన్ అడవుల్లో ఉంటాయి. బుల్ స్నేక్ మధ్యలో ఉన్న పెద్ద గడ్డి మైదానాలది. గోఫర్ స్నేక్ పడమటి వైపుది, కాలిఫోర్నియా వాళ్ళు కొండల్లో నడకకి వెళ్తే దారి మీదే కనిపిస్తుంది. నిజానికి బుల్ స్నేక్ గోఫర్ స్నేక్‌లో ఒక ఉపజాతే. వీటిలో దేనికీ మనిషికి హాని చేసే విషం లేదు. ఎలుకల్ని చుట్టేసి బిగించి చంపి తింటాయి, గుడ్లు పెడతాయి. మన జెర్రిపోతు పొలంలో చేసే పని ఇక్కడ ఇవి చేస్తాయి. సాధారణంగా నాలుగు నుంచి ఆరు అడుగులు. ఎనిమిది అడుగుల బుల్ స్నేక్‌లు కూడా దొరికాయి, కానీ అది చాలా అరుదు.

బుల్ అనే పేరు దాని అరుపు వల్ల వచ్చింది. అవును, అరుపు అనే అంటాను. మామూలు పాము బుస ఎలా ఉంటుందో తెలుసు కదా, కుక్కర్ ఆవిరి మెల్లగా వదిలినట్టు. ఇది అలా కాదు. కోపమొచ్చిన ఎద్దు ముక్కుతో గాలి వదిలితే ఎలా ఉంటుందో అలా, లోపల ఒక బొంగురుతో వస్తుంది. దీనికి ఒక ప్రత్యేక ఏర్పాటు ఉంది. పాము నోట్లో శ్వాసనాళం తెరుచుకునే చోట, ఈ పాములకి నిటారుగా నిలబడే ఒక సన్నటి రెక్క లాంటిది ఉంటుంది. దాని వెనక స్వరపేటికలో గాలిదారిని చీల్చే ఒక పొర కూడా ఉంటుంది. ఊపిరితిత్తిలో నింపుకున్న గాలిని ఒక్కసారిగా బయటికి తోస్తే అవి అదురుతాయి. చిన్నప్పుడు తాటాకు బూర ఊదారా? దాదాపు అదే సూత్రం.

శబ్దంతో ఆగదు. తలని వెడల్పుగా పరిచి విషపాము తల ఆకారంలోకి తెస్తుంది. ఒళ్ళు ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంచి పైకి లేస్తుంది. తోకని ఎండుటాకుల్లో గబగబా ఆడిస్తుంది, ఆ గలగల అచ్చం ర్యాటిల్ స్నేక్ లాగే ఉంటుంది. చాలాసార్లు మీదికి దూకినట్టే దూకి నోరు మూసుకునే కొడుతుంది. ఇదంతా బెదిరింపు. దాని లెక్క ఏంటంటే, ఎదుటివాడు తనకంటే చాలా పెద్దగా ఉన్నాడు, పారిపోవడానికి కన్నం దగ్గర్లో లేదు, కాబట్టి వాణ్ణి భయపెట్టి పంపించెయ్యాలి.

ఈ నాటకం నక్క మీద, గద్ద మీద కొంత పనిచేస్తుందేమో గానీ మనిషి దగ్గర ఎదురు తిరుగుతుంది. ఇక్కడ నిజంగానే ప్రెయిరీ ర్యాటిల్ స్నేక్‌లు ఉన్నాయి. జనం దీన్ని చూసి అదే అనుకుని పారతో కొట్టి చంపేస్తారు. ర్యాటిల్ స్నేక్ తోక చివర గిలక ఉంటుంది, దీనికి తోక సన్నగా మొనదేలి ఉంటుంది. దాని కంటిపాప నిలువు గీత, దీనిది గుండ్రం. కానీ భయంలో ఉన్నవాడు కంటిపాప చూస్తాడా? మీ పెరట్లో పాము కనిపిస్తే కొలతలు తియ్యకండి, దూరం జరగండి, అదే పోతుంది.

ఇంకో మాట, ఇది ఇండియాలో ఉన్నవాళ్ళ కోసం గట్టిగా చెప్తున్నాను. బుల్ స్నేక్ బుస బెదిరింపు అన్నాను కదా అని మన ఊళ్ళో బుస కొట్టే పాము దగ్గరికి వెళ్ళకండి. రక్తపింజరి కూడా అంతే పెద్దగా బుస కొడుతుంది, అది బెదిరింపు కాదు, ఆఖరి హెచ్చరిక. కట్లపాము అయితే దాదాపు చప్పుడే చెయ్యదు. రీల్ కోసం పాము తోక పట్టుకునే తమ్ముళ్ళకి ఇంతకంటే సూటిగా నేను చెప్పలేను.

ఇప్పుడు అమెరికాలో ఉన్నవాళ్ళ సంగతి. మొదటి ప్రశ్న, చట్టం. ఇక్కడ ఒక్క దేశానికి ఒక్క రూల్ ఉండదు, రాష్ట్రానికో రూల్. హవాయిలో ఏ పామునీ పెంచుకోకూడదు, జరిమానా రెండు లక్షల డాలర్ల దాకా వెళ్తుంది, జైలు కూడా ఉంది. ఎందుకంటే అక్కడి పక్షులు పాములు లేని దీవిలో పెరిగాయి, ఒక్క జాతి పాము స్థిరపడినా వాటి పని అయిపోతుంది. జార్జియాలో స్థానిక జాతుల పాముల్ని, విషం లేనివైనా సరే, పెంపుడుగా ఉంచుకోకూడదు. న్యూజెర్సీలో పైన్ స్నేక్ ముప్పులో ఉన్న జాతి కింద రక్షణలో ఉంది. కాబట్టి పక్క రాష్ట్రంలో ఉన్న ఫ్రెండ్ పెంచుతున్నాడు కదా అని డబ్బు కట్టకండి. మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ వెబ్‌సైట్ చూడండి, అర్థం కాకపోతే ఫోన్ చేసి అడగండి. ఆ తర్వాత మీ అపార్ట్‌మెంట్ లీజు తీసి చదవండి. కుక్క, పిల్లి అని మాత్రమే రాసి ఉంటే పాముకి కూడా ఓకే అని మీరే అనుకోవద్దు, లీజింగ్ ఆఫీసు నుంచి మెయిల్ రాతపూర్వకంగా తీసుకోండి.

రెండోది, అడవి నుంచి పట్టిన పాము వద్దు. పెంపకందారుల దగ్గర గుడ్డు నుంచి పుట్టిన పిల్లనే తీసుకోండి. దీనికి కారణం నీతి ఒక్కటే కాదు. అడవిలో పెరిగిన పాము పెట్టెలో సరిగ్గా తినదు, ఒంట్లో పరాన్నజీవులు ఉంటాయి, మనిషిని చూసిన ప్రతిసారీ ఆ ఎద్దు నాటకం మొదలుపెడుతుంది. పైగా ఈ ప్రజాతిలో కొన్నింటి పరిస్థితి అస్సలు బాగాలేదు. మిసిసిపీ, అలబామా వైపు ఉండే బ్లాక్ పైన్ స్నేక్ 2015లో, లూసియానా పైన్ స్నేక్ 2018లో ఫెడరల్ ప్రభుత్వ రక్షణ జాబితాలోకి వెళ్ళాయి.

లూసియానా పైన్ స్నేక్ కథ కొంచెం వివరంగా చెప్తాను, నాకు చాలా ఇష్టమైన కథ. ఇది తినేది ముఖ్యంగా పాకెట్ గోఫర్ అనే జంతువుని. నేలలో సొరంగాలు తవ్వుకుని వేర్లు తిని బతుకుతుంది, మన పందికొక్కుకి అమెరికా చుట్టం అనుకోండి. పాము ఆ సొరంగంలోకి దూరుతుంది. లోపల చుట్టుకుని బిగించే జాగా ఉండదు కాబట్టి, తన ఒంటితో గోఫర్‌ని సొరంగం గోడకేసి అదిమి చంపుతుంది. తర్వాత ఆ సొరంగమే దాని ఇల్లు. గోఫర్‌కి కావాల్సింది గడ్డి, చిన్న మొక్కలు. అవి పెరగాలంటే పైన్ అడవిలో అప్పుడప్పుడూ చిన్న మంటలు వచ్చి పొదల్ని కాల్చెయ్యాలి, నేల మీద ఎండ పడాలి. మనుషులు మంటలన్నీ ఆర్పేశారు, అడవులు నరికి చెట్లు దగ్గర దగ్గరగా నాటారు. గడ్డి పోయింది, గోఫర్ పోయింది, పాము పోయింది. ఇది ఒక్కసారికి పెట్టే గుడ్లు మూడు నుంచి ఐదే, కానీ పిల్లలు పుట్టగానే అడుగున్నర పైన ఉంటాయి. ఇంత నెమ్మదిగా పెరిగే జాతి తొందరగా కోలుకోదు. మెంఫిస్ జూ లాంటి చోట్ల గుడ్లు పొదిగించి, 2010 నుంచి లూసియానాలో కిసాచీ నేషనల్ ఫారెస్ట్‌లో పిల్లల్ని వదులుతున్నారు. అంటే ఈ పాముల్లో కొన్ని జూలో పుట్టి అడవికి వెళ్తున్నాయి. అలాంటప్పుడు మనం అడవిలోంచి తెచ్చి బెడ్‌రూమ్‌లో పెట్టుకుంటే ఎలా?

సరే, చట్టం చూశారు, పెంపకందారుడు దొరికాడు. పెట్టె సంగతి. పెద్ద పాముకి కనీసం నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు ఉండాలి, ఇంకా పెద్దది అయితే మంచిదే. ఇది ఒకచోట ముద్దలా పడి ఉండే బాల్ పైథాన్ లాంటిది కాదు. తిరుగుతుంది, తవ్వుతుంది, ముక్కుతో ప్రతి సందునీ తోసి చూస్తుంది. వీటి ముక్కు మీద పొలుసు పెద్దగా, గట్టిగా ఉంటుంది, ఇసుక తవ్వడానికి. ఆడ పైన్ స్నేక్‌లు గుడ్ల కోసం సొంతంగా గుంత తవ్వుకుంటాయి, పాముల్లో అది అరుదైన విద్య. ఆ ముక్కుకి మీ పెట్టె మూత ఒక లెక్క కాదు. మూత మీద రెండు పుస్తకాలు పెట్టాను అంటే కుదరదు, తాళం పడే తలుపు ఉండాలి. మెష్ మూత ఉంటే దానికేసి రుద్దుకుని ముక్కు పుండు చేసుకుంటుంది కూడా.

కింద ఆస్పెన్ చెక్కపొట్టు కనీసం నాలుగు అంగుళాల మందం పొయ్యండి. అందులో సొరంగం తవ్వితే కూలిపోకుండా నిలబడుతుంది. దేవదారు జాతి సీడర్ పొట్టు మాత్రం వద్దు, దాని నూనెలు పాము ఊపిరితిత్తులకి చెడు. పేరు పైన్ స్నేక్ అయినా ఆరబెట్టని పైన్ పొట్టు కూడా నేను వాడను, అదో విచిత్రం.

వేడి చాలా ముఖ్యం. పాము ఒంట్లో సొంత హీటర్ లేదు. పెట్టెలో ఒక వైపు 88 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 31 సెల్సియస్ ఉండాలి. రెండో వైపు 75, అంటే 24. పాము తనకి కావాల్సినప్పుడు ఇటూ అటూ జరుగుతుంది. రెండు వైపులా దాక్కునే గూడు పెట్టండి, ఒక్క వైపే పెడితే వేడి కావాలా, భద్రత కావాలా అని తేల్చుకోలేక చస్తుంది పాపం. హీట్ మ్యాట్‌ని థర్మోస్టాట్ లేకుండా ప్లగ్‌లో పెట్టకండి. కడుపు కింద కాలుతున్నా పాములు చాలాసార్లు జరగవు, తీవ్రమైన కాలిన గాయాలతో డాక్టర్ దగ్గరికి చేరే పాముల కథలన్నీ ఇలాగే మొదలవుతాయి. డబ్బు మిగుల్చుకోవాలంటే పెట్టె అందం దగ్గర మిగుల్చుకోండి, థర్మోస్టాట్ దగ్గర కాదు. తేమ పెద్దగా అక్కర్లేదు, గిన్నెలో ఎప్పుడూ శుభ్రమైన నీళ్ళు ఉంటే చాలు.

తిండి. ఇక్కడే చాలా తెలుగు ఇళ్ళలో ప్రయాణం ఆగిపోతుంది. పాము పాలు తాగదు. గుడ్డు, చికెన్ ముక్కలతో సరిపెట్టడం కూడా కుదరదు. దానికి కావాల్సింది మొత్తం ఎలుక, ఎముకలు, లోపలి అవయవాలతో సహా. చంపి గడ్డకట్టించిన ఎలుకల్ని ప్యాకెట్లలో అమ్ముతారు. అంటే మీ ఫ్రీజర్‌లో ఎలుకలు ఉంటాయి. మీ రూమ్మేట్లు శాకాహారులైతే ఈ సంభాషణ పాము రాకముందే జరగాలి. మా ఇంట్లో మా ఆవిడ పెట్టిన షరతు వేరే చిన్న ఫ్రీజర్, అది గ్యారేజ్‌లో. న్యాయమైన షరతే. మా అమ్మకి అయితే ఇంకా మింగుడు పడలేదు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసిన మనిషికి, కొడుకు పాముకి ఎలుక వేడి చేస్తున్నాడని వీడియో కాల్‌లో చూపిస్తే ఏం చెప్తుంది?

రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి కరగనివ్వాలి, తర్వాత కవర్‌లో ఉంచి వేడినీళ్ళలో పెట్టాలి. మైక్రోవేవ్ వద్దు, ఎందుకో వివరించమని అడగకండి, మీరు ఇప్పుడే భోజనం చేసి ఉంటారు. పొడవైన పటకారుతో అందించండి. ఎలుక లావు పాము ఒంటి లావుకి దాదాపు సమానంగా ఉండాలి. పిల్లలకి వారానికి ఒకసారి, పెద్దవాటికి పది, పద్నాలుగు రోజులకి ఒకసారి. బతికున్న ఎలుకని వెయ్యకండి, ఆకలి లేని పాముని ఎలుకే కొరికేస్తుంది. తిన్నాక రెండు రోజులు ముట్టుకోవద్దు, ముట్టుకుంటే కక్కేస్తుంది. చలికాలంలో, ముఖ్యంగా మగవి, వారాల తరబడి తినకపోవచ్చు. బరువు తగ్గనంత వరకు కంగారు అక్కర్లేదు. కుబుసం వదిలే ముందు కళ్ళు పాలలా తెల్లబడతాయి, అప్పుడు దానికి సరిగ్గా కనిపించదు, వదిలెయ్యండి.

ఇక చేతిలోకి తీసుకోవడం. పిల్లగా ఉన్నప్పుడు పెన్సిల్ అంత ఉండి కూడా ఎద్దులా బుస కొడుతుంది, చూస్తే నవ్వొస్తుంది. కానీ దాని వైపు నుంచి చూడండి, కొండంత చెయ్యి పై నుంచి దిగుతోంది. గద్ద వచ్చేది కూడా పై నుంచే. అందుకే పక్క నుంచి వెళ్ళాలి, ఒంటి మధ్యలో పట్టాలి, తలని పట్టకూడదు. నేను ముందు ఒక పొడవాటి హుక్‌తో ఒంటి మీద మెల్లగా తడతాను. ఇవాళ తలుపు తెరిచింది తిండికి కాదు అని దానికి అదే గుర్తు. వీటికి తిండి ఆత్రం ఎక్కువ, ఆ గుర్తు లేకపోతే వేలిని ఎలుక అనుకునే అవకాశం ఉంది. మా వాడు మొదటి మూడు నెలలూ నన్ను చూసిన ప్రతిసారీ బుస కొట్టాడు. నాలుగో నెల నుంచి తగ్గింది. దాన్ని ప్రేమ అని నేను అనను. కుక్క తోక ఊపినట్టు ఇది మిమ్మల్ని చూసి సంతోషించదు. మీరు తనని తినరు అని దానికి తెలిసింది, అంతే. అది చాలు అనుకునేవాళ్ళకే పాము. చేతులు ముందూ వెనకా కడుక్కోవాలి, ఎందుకంటే పాముల నుంచి సాల్మొనెల్లా బ్యాక్టీరియా వస్తుంది. ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో పాములు వద్దని ఇక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీయే చెప్తుంది.

ఇప్పుడు మొదట్లో ఆగమన్న విషయం. ఈ పాము బతికేది 15 నుంచి 20 ఏళ్ళు. 30 దాటినవి కూడా ఉన్నాయి. మీరు ఇప్పుడు 23 ఏళ్ళ స్టూడెంట్ అనుకుందాం. ఎఫ్ వన్ వీసా, తర్వాత ఓపీటీ, తర్వాత హెచ్ వన్ లాటరీ. వస్తుందో రాదో మీకు తెలీదు, నాకూ తెలీదు. ఉద్యోగం టెక్సాస్ నుంచి న్యూజెర్సీకి మారొచ్చు, అక్కడి రూల్ వేరు. లాటరీ తగలకపోతే ఒక వేసవిలో సూట్‌కేసులు సర్దుకోవాల్సి రావచ్చు. కారు అమ్మొచ్చు, సోఫా పడేయొచ్చు. పాముని విమానంలో హైదరాబాద్ తీసుకెళ్ళడం జరిగే పని కాదు.

అప్పుడు కొందరు చేసేది, ఊరి బయట గడ్డిలో వదిలెయ్యడం. ఇది స్థానిక జాతే కదా, బతికేస్తుందిలే అని. బతకదు. చలికాలం ఎక్కడ దూరాలో దానికి తెలీదు, ఎలుక పటకారు నుంచి వస్తుందని అనుకుంటుంది. ఒకవేళ బతికినా, పెంపుడు పాముల జబ్బులు అడవి పాములకి అంటిస్తుంది. పాముల చర్మాన్ని తినే ఒక ఫంగస్ జబ్బు ఇక్కడ అడవి పాముల్లో ఇప్పటికే ఉంది, పైన్ స్నేక్‌లలో కూడా. చాలా రాష్ట్రాల్లో అలా వదలడం నేరం కూడా.

అందుకని వీసా మీద ఉన్న తమ్ముడికి, చెల్లికి నేను చెప్పేది, ఇప్పుడు కొనకండి. చూడాలని ఉంటే దగ్గర్లో ఉన్న సరీసృపాల సంఘంలో చేరండి, చాలా నగరాల్లో ఉన్నాయి, అక్కడ పాముల్ని పట్టుకోవడం నేర్పుతారు. సరీసృపాల రెస్క్యూ కేంద్రాల్లో వాలంటీర్లు కావాలి, పెట్టెలు కడిగే పని దొరుకుతుంది. ఆరు నెలలు కడగండి. ఆ తర్వాత కూడా కావాలనిపించి, మీ ఉండే చోటు ఖాయమైతే, పిల్లని కాకుండా యజమాని వదిలేసిన పెద్ద పాముని దత్తత తీసుకోవడం గురించి ఆలోచించండి. రెస్క్యూల్లో బుల్ స్నేక్‌లు కనిపిస్తూనే ఉంటాయి, ఎందుకు వచ్చాయో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇప్పటికే పెంచుతున్నవాళ్ళు ఈ వారం ఒక కాగితం రాయండి. మీరు లేకపోతే పాము ఎవరికి వెళ్ళాలి, వాళ్ళు ఒప్పుకున్నారా, డాక్టర్ ఫోన్ నంబర్ ఏంటి, చివరిసారి ఎప్పుడు తింది. మామూలు కుక్కల డాక్టర్లు చాలామంది పాముల్ని చూడరు, కాబట్టి పాముల్ని చూసే డాక్టర్‌ని ముందే వెతికి పెట్టుకోవాలి. నా కాగితం ఇదిగో, పెట్టె పక్కన టేపు వేసి అంటించాను. ఇందులో పేరున్న మనిషి ఫోర్ట్ కాలిన్స్‌లో ఉంటాడు, నెలకోసారి వచ్చి చూసి వెళ్తాడు. మా వాడు ఆయన్ని చూసి ఇంకా బుస కొడుతున్నాడు.